సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటే టీచర్లు ఉంటారా

నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, బీఈడీ అన్నీ కలిపి పది నెలలు ఒక కరస్పాండెంట్ గారి ఇనప బీరువాలో ఉన్నాయి. 2011 సంగతి ఇది. బీఈడీ అయిపోయిన కొత్త, గుంటూరు దగ్గర ఒక టౌన్లో ఇంగ్లీష్ మీడియం స్కూల్, జీతం ఆరున్నర వేలు. చేరిన రోజే ఒరిజినల్స్ ఇచ్చేయమన్నారు, మధ్యలో మానేస్తే పిల్లల చదువు పాడవుతుంది కదమ్మా అని చాలా మర్యాదగానే చెప్పారు, అప్పట్లో మా బ్యాచ్‌లో అందరూ ఇచ్చినవాళ్ళే కాబట్టి నాకు తప్పుగా కూడా అనిపించలేదు, ఒక కవర్లో పెట్టి పైన పేరు రాసి ఇచ్చేశా. ఆ బీరువాలో అలాంటి కవర్లు ఓ ముప్ఫై దాకా ఉన్నాయి. మొదటి నెల జీతం కూడా వాళ్ళ దగ్గరే ఆపుకున్నారు. ఇంత గట్టిగా తాళం వేసుకున్న ఆ స్కూల్లో అంతకుముందు రెండేళ్ళలో నలుగురు మ్యాథ్స్ టీచర్లు మారారని తర్వాత ఆయా చెప్పింది, నేను ఐదో దాన్ని.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే మా తోడికోడలి కూతురు బీఈడీ చేస్తోంది, ఏదో ప్రాజెక్ట్ ఇచ్చారంట, మొన్న ఆదివారం వచ్చి "పిన్నీ, టీచర్లు ఉద్యోగాలు ఎందుకు మానేస్తారు, ఓ పది పాయింట్లు చెప్పు" అని పెన్ను పట్టుకుని కూర్చుంది. జీతం, రాసుకో అన్నా. రాసుకుంది. రెండో పాయింట్ చెప్పబోతూ ఆగిపోయా, ఎందుకంటే నేను మానేసిన స్కూలు ఎక్కువ జీతం ఇస్తానన్న స్కూలు, ఆరేళ్ళు ఉన్న స్కూలు తక్కువ ఇచ్చిన స్కూలు. మరి జీతం మొదటి పాయింట్ ఎలా అయింది? దానికి టీ పెట్టిచ్చి పంపించేశా కానీ అప్పట్నించీ ఇదే బుర్రలో తిరుగుతోంది.

మొదటి స్కూల్లో ఒక రోజు చెప్తా. ఎనిమిదో తరగతి, ఐడెంటిటీస్. ఎ మైనస్ బి హోల్ స్క్వేర్ విప్పుతూ చివర బి స్క్వేర్ ముందు ప్లస్ బదులు మైనస్ పెట్టా. అది వరసగా ఆరో పీరియడ్, పొద్దున్నించి ఒక్క లీజర్ లేదు, కళ్ళు తిరుగుతున్నాయి. ప్రిన్సిపల్ మేడమ్ రౌండ్స్‌లో ఉన్నారు, ఆవిడ నడిస్తే చెప్పుల చప్పుడు కూడా వినపడేది కాదు. కిటికీ దగ్గర ఆగి, అక్కణ్ణించే, "ఏం చెప్తున్నావ్ నువ్వు పిల్లలకి? ముందు నువ్వు నేర్చుకో" అన్నారు. నలభై మంది పిల్లలు. ఒక్కరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. చెరిపి ప్లస్ పెట్టా. ఆ తర్వాత నెల రోజులు ఆ క్లాసులో నా పేరు మైనస్ టీచర్. తప్పు నాదే, దిద్దాల్సిందే, కాదనను. కానీ ఇంకో పది నిమిషాల్లో బెల్లు కొట్టేవాళ్ళు, రూముకి పిలిచి చెప్పినా ఆ మైనస్ ప్లస్ అయ్యేదే కదా. పిల్లల ముందు "నువ్వు" అనిపించుకున్న టీచరు మర్నాడు అదే క్లాసులోకి వెళ్ళి హోంవర్క్ ఎందుకు చెయ్యలేదురా అని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది.

అడ్జస్ట్‌మెంట్ స్లిప్పుల గురించి ప్రైవేటులో చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎవరైనా రాకపోతే వాళ్ళ పీరియడ్లు ఎవరికి వెయ్యాలో ప్రిన్సిపల్ రాస్తారు, పొద్దున్నే ఆ చిన్న కాగితం ముక్క వస్తే గుండె గుభేలుమనేది. మేడమ్‌తో బాగుండే ఇద్దరు ముగ్గురికి ఆ స్లిప్పు ఎప్పుడూ రాదు, నాకూ ఇంగ్లీష్ చెప్పే ఇంకో అమ్మాయికీ రోజూ వస్తుంది. మే నెలొస్తే అడ్మిషన్ల క్యాంపెయిన్, తలకి ఐదుగురు పిల్లల్ని తేవాలి, తేకపోతే ఆ నెల జీతం లేదు. పాంప్లెట్లు పట్టుకుని గొడుగేసుకుని గుమ్మం గుమ్మం తిరిగేవాళ్ళం. ఒకింట్లో ఒకావిడ "మొన్నే వేరే స్కూలు టీచర్లు వచ్చెళ్ళారమ్మా, పాపం మీరూ మజ్జిగ తాగి వెళ్ళండి" అంది. తాగా. బయటికొచ్చి గోడ నీడలో నిలబడి ఏడ్చా కూడా, ఎండ వల్లో మజ్జిగ వల్లో నాకైతే తెలీదు.

పరీక్షలు అయ్యేదాకా లాగి ఆ మే నెలలోనే మానేశా. ఉంటే ఎనిమిది వేలు చేస్తామన్నారు. నాన్న వెళ్ళి, ఆపుకున్న జీతం వదిలేసుకుని, సర్టిఫికెట్లు తెచ్చారు. కవరు నిండా కలరా ఉండల వాసన.

రెండో స్కూలు బస్టాండు వెనక, రేకుల షెడ్లు, ఏడో తరగతి దాకా ఒక బిల్డింగు, పైన టెన్త్ దాకా షెడ్లే. ఎండాకాలం పొయ్యిలా ఉండేది. ప్రిన్సిపల్ సారే ఓనరు కూడా. ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ చూసి, మళ్ళీ వరసగా సర్ది కవర్లో పెట్టి నా చేతికిచ్చేశారు. ఇక్కడ ఉంచనా సార్ అనడిగా, అలవాటైపోయిన బతుకు కదా. "వద్దమ్మా, ఇక్కడ చెదలెక్కువ" అన్నారు. ఆరున్నర వేలే ఇవ్వగలను అని కూడా అప్పుడే చెప్పేశారు. అంటే వదిలేసి వచ్చిన దానికంటే పదిహేనొందలు తక్కువ. మా అమ్మ నన్ను పిచ్చిదానిలా చూసింది.

ఆయన్ని దేవుణ్ణి చేసి రాయడం నాకిష్టం లేదు, ఆయనకీ చాదస్తాలున్నాయి. సుద్దముక్క చిన్నదైపోయిందని పారేస్తే ఏరి తెచ్చి స్టాఫ్ రూమ్ బల్ల మీద పెట్టేవారు, ఏమీ అనరు, పెట్టి వెళ్ళిపోతారు, అది ఇంకా చిరాకు. ఫీజులు రాకపోతే జీతం పదిహేనో తారీఖు దాటేది. కానీ అలా దాటబోతున్నప్పుడు ఒకటో తారీఖునే స్టాఫ్ రూముకి ఆయనే వచ్చి, ఫలానా రోజు ఇస్తాను, ఎవరికైనా అద్దె కట్టాల్సి ఉంటే ఇప్పుడే చెప్పండి, వాళ్ళకి ముందు సర్దుతాను అనేవారు. మొదటి స్కూల్లో జీతం ఎప్పుడని క్లర్కుని అడగడానికే భయపడేవాళ్ళం.

ఒక పేరెంట్ సంగతి చెప్తే ఆయనేంటో అర్థమవుతుంది. స్లిప్ టెస్టులో కూతురికి మార్కులు తగ్గాయని ఒకాయన గేటు దగ్గర్నించే అరుచుకుంటూ వచ్చాడు, ఆ టీచర్ని పిలవండి, లెక్క కరెక్టుగా చేస్తే సున్నా వేసింది అని. నేను మెట్ల మీద ఉన్నా, కాళ్ళు వణుకుతున్నాయి. సార్ నన్ను చూసి, మీకు క్లాసుంది కదా వెళ్ళండమ్మా అన్నారు. నాకు ఆ పీరియడ్ క్లాసు లేదు. ఆయనకీ తెలుసు. ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టి నీళ్ళిప్పించి ఏం మాట్లాడారో ఏమో, పావుగంటకి నెమ్మదిగా వెళ్ళిపోయాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక పిలిచి పేపరు నా ముందు పెట్టారు. నిజంగానే ఒక లెక్క దిద్దకుండా పేజీ తిప్పేశాను, నాలుగు మార్కులు. "రేపు మీరే ఆ పిల్లకి చెప్పి వేసెయ్యండి, వాళ్ళ నాన్నకి నేను చెప్పేశాలే" అన్నారు, అంతే. తప్పు అక్కడా పట్టుకున్నారు, ఇక్కడా పట్టుకున్నారు, ఇక్కడ ఇంకా పెద్ద తప్పు. ఆ రాత్రి నాకు మానేద్దామనిపించలేదు, మిగిలిన ముప్ఫై పేపర్లూ మళ్ళీ ఒకసారి చూసుకుందామనిపించింది.

2015లో మా వాడు పుట్టాక మూడో నెలలో మళ్ళీ చేరా. ఇల్లు రెండు వీధుల అవతలే. పదకొండింటికి ఇంటర్వెల్, దాని తర్వాత ఇరవై నిమిషాలు ఎక్కువ ఇస్తే పాలిచ్చి రాగలను, అడగడానికి వారం రోజులు తటపటాయించా. ఆయన అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్ తీసి నా ఆరో తరగతి పీరియడ్ ఎదురుగా ఆయన పేరే రాసుకున్నారు, ఏడాది మొత్తానికి. ఆయన సోషల్ మనిషి, లెక్కలు అంతంతే, అందుకని ఆ ఇరవై నిమిషాలూ ఎక్కాలు చెప్పించేవారు. ఆ ఏడాది ఆరో తరగతి పిల్లలకి పంతొమ్మిదో ఎక్కం నోటికొచ్చేసింది, ఇప్పటికీ ఆ బ్యాచ్ వాళ్ళు కనపడితే అదే చెప్తారు.

అయితే జీతం పాయింట్ కొట్టేయమని నేననట్లేదు. మా దగ్గర సైన్స్ సార్ ఒకాయన తొమ్మిదేళ్ళు చేసి వెళ్ళిపోయారు, ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఇంటర్‌కొచ్చింది, హైదరాబాద్‌లో ఏదో కార్పొరేట్ కాలేజీ వాళ్ళు మూడు రెట్లు ఇస్తామన్నారు. సార్ ఆపలేదు, ఆపడానికి ఆయన దగ్గర మాట లేదు. 1994లో వచ్చిన జీవో 1 ప్రకారం ప్రైవేటు స్కూళ్ళు ఫీజుల్లో 50 శాతం జీతాలకే పెట్టాలి, మేనేజ్‌మెంట్ లాభం 5 శాతం, చదివితే నవ్వొస్తుంది. మా సార్ లాంటి చిన్న స్కూలు వాళ్ళు 50 శాతం పెట్టినా చేతికొచ్చేది ఆరున్నర వేలే, ఎందుకంటే ఫీజే అంత. మంచి ప్రిన్సిపల్ ఉంటే జీతం తక్కువైనా ఉంటారు అనే మాట విని ఏ కరస్పాండెంటైనా సంతోషపడుతుంటే దయచేసి ఆగండి, కొంతకాలం ఉంటారు, పిల్లలు పెద్దయ్యేదాకా ఉంటారు.

ఆ ప్రిన్సిపల్ మేడమ్ గురించి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2018 డీఎస్సీకి నేను స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ రాశా, 7,902 పోస్టులతో వచ్చిన నోటిఫికేషన్ అది. ఆన్‌లైన్ పరీక్ష, సెంటర్ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. గేటు దగ్గర గాజులు తీసేయండి, చెవులవి తీసేయండి అని చెక్ చేసే లైన్లో నా ముందు నిలబడింది ఆవిడే. ఆవిడా డీఎస్సీ రాయడానికి వచ్చారు. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నారు, నాకు ఏమనాలో తెలీలేదు. ఆ స్కూలు ఎప్పుడో మానేశారంట. లైను కదలట్లేదు, అక్కడే మాట్లాడుకున్నాం. రోజూ సాయంత్రం కరస్పాండెంట్ ఆవిణ్ణి ఎదురుగా నిలబెట్టి అడ్మిషన్ల లిస్టు చదివించేవారంట, టీచర్లకి ఐదైతే ఆవిడకి ఇరవై, తక్కువైతే ఆవిడ జీతంలోనూ కోతే. సిరి లేదు, సంపద లేదు, మీ అందరి దగ్గరా చెడ్డపేరు మాత్రం మిగిలింది అని నవ్వారు. "నా సర్టిఫికెట్లూ అదే బీరువాలో ఉండేవి, నీ కవరు పక్కనే" అన్నారు. అప్పుడు కూడా "నువ్వు" అనే అన్నారు, కానీ ఈసారి నొప్పి తగల్లేదు.

నాకు ఉద్యోగమొచ్చింది. ఆవిడకి వచ్చిందో లేదో తెలీదు, నంబర్ తీసుకోవడం మర్చిపోయా.

గవర్నమెంటులోకి వచ్చాక ఈ గోల ఉండదనుకున్నా. పల్నాడు వైపు జడ్పీ హైస్కూలు, 2019 చివర్లో చేరా. ఇక్కడెవరూ రిజైన్ చెయ్యరు, ఎవరు చేస్తారు, జీతం కాస్త అటూ ఇటూ అయినా పడుతుంది, ఎన్నేళ్ళు కష్టపడితే వచ్చిన ఉద్యోగం. కానీ మానేయడానికి ఇక్కడ వేరే దార్లున్నాయి. మెడికల్ లీవు ఒకటి, డిప్యుటేషన్ ఇంకొకటి, రెండేళ్ళు నిండగానే రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవడం అన్నిటికంటే పెద్దది. ఇవేవీ కుదరనివాళ్ళు ఉన్నచోటే ఉండి మానేస్తారు, తొమ్మిదింటికి మొహం చూపించి నాలుగింటిదాకా కుర్చీలో ఉంటారు, వాళ్ళని ఏ రిజిస్టర్లోనూ లెక్కించలేం.

మా మొదటి హెచ్‌ఎం చెడ్డమనిషి కాదు. ఒకర్ని మాటని ఎరగరు. కాకపోతే పైనుంచి వచ్చిన ప్రతి వాట్సాప్ మెసేజీ చదవకుండా గ్రూపులోకి తోసేవారు. రాత్రి పదింటికి "అర్జంట్, మోస్ట్ ఇంపార్టెంట్" అని పీడీఎఫ్, కింద మళ్ళీ అదే పీడీఎఫ్, పొద్దున్న ఆరింటికి "పెండింగ్ స్కూల్స్ లిస్ట్" అందులో మా పేరు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో ఐఎంఎంఎస్ యాప్‌లో ఫోటోలు, గుడ్లెన్ని, చిక్కీలెన్ని, అన్నం ఎంతమంది తిన్నారు, 2022 ఆగస్టు నించి దానికి తోడు మొహం చూపించి హాజరు వేసే యాప్. సిగ్నల్ కోసం వేపచెట్టు కింద టీచర్లందరం ఫోన్లు పైకెత్తి నిలబడితే పిల్లలు కిటికీల్లోంచి చూసేవాళ్ళు. ఏ పని ఎవరిదో ఆయన చెప్పరు, కాబట్టి అందరి పనీ అందరిదీ, ఆఖరికి ఎవరు మెత్తగా ఉంటే వాళ్ళది. 2023 ట్రాన్స్‌ఫర్లలో మా తొమ్మిది మందిలో నలుగురు వెళ్ళిపోయారు. అందులో ఇద్దరు ఇంటికి దూరమైన ఊరే కోరుకున్నారంటే నమ్మండి.

అప్పుడే ఆయనా వెళ్ళారు, ఇప్పటి మేడమ్ వచ్చారు. వచ్చిన వారంలో ఆవిడ ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. గ్రూపులో మెసేజీలు ఆగిపోయాయి, మొదట మేమంతా ఆవిడకి వాట్సాప్ వాడటం రాదేమో అనుకున్నాం. తర్వాత తెలిసింది, అన్నీ ఆవిడే చదివి, మాకు అవసరమైనవి మాత్రం రెండు లైన్ల తెలుగులో రాసి, పేరు పెట్టి పంపుతున్నారు. "హిందీ మేడమ్, మీకు ఇది శుక్రవారంలోపు. మిగతావాళ్ళకి సంబంధం లేదు." ఆ "సంబంధం లేదు" అన్న ముక్క చదివితే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. మరుగుదొడ్ల ఫోటోలు పొద్దున్నే ఆవిడే తీసేవారు, ఎందుకు మేడమ్ మేము తీస్తాం కదా అంటే, నేను తీస్తే ఆయా కూడా ముందే కడుగుతుంది అన్నారు. నిజమే.

హెచ్‌ఎం అవ్వాలంటే మాకు సీనియారిటీ కావాలి, ఈఓటీ, జీఓటీ అని రెండు డిపార్ట్‌మెంటల్ టెస్టులు కావాలి. అందులో అడిగేదంతా బిల్లులు, లీవు రూల్సు, సర్వీస్ రిజిస్టర్లు, ఆడిట్లు. అరుస్తూ వచ్చిన పేరెంట్‌కి ముందు నీళ్ళివ్వాలని ఏ పేపర్లోనూ ఉండదు, టీచర్ తప్పు చేస్తే కిటికీలోంచి అరవకూడదనీ ఉండదు. పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషిని ఒక రోజు తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడతారు, ఇక వాళ్ళ నాన్నగారు ఇంట్లో ఎలా ఉండేవారో వాళ్ళూ అలాగే ఉంటారు, అది మన అదృష్టం.

మా అమ్మాయి, అదే తోడికోడలి కూతురు, నిన్న ఫోన్ చేసి ఇంకో సంగతి చెప్పింది. అమెరికాలో 2011లో ఒక పేపర్ వచ్చిందంట, డొనాల్డ్ బాయిడ్ అనే ఆయనా ఇంకొంతమందీ కలిసి రాసింది, న్యూయార్క్‌లో కొత్తగా చేరిన టీచర్లని అడిగారంట, బిల్డింగులు, పిల్లల అల్లరి, తోటి స్టాఫు, భద్రత, అన్నీ అడిగితే, ఉండాలా వెళ్ళాలా అన్నదానికి అన్నిటికంటే ఎక్కువ లెక్కకొచ్చింది స్కూలు నడిపేవాళ్ళ మీద టీచర్లకున్న అభిప్రాయమేనంట. న్యూయార్క్‌లో కూడానా అంది అది ఆశ్చర్యంగా. నాకేం ఆశ్చర్యం లేదు, అక్కడ మాత్రం కిటికీలుండవా ఏంటి.

2025 అక్టోబరులో రేకుల షెడ్ల సార్ ఫోన్ చేశారు. మెగా డీఎస్సీ 16,347 పోస్టులు కదా, ఆయన స్కూల్లో ఇద్దరికి వచ్చేశాయి, సగం ఏడాదిలో ఖాళీ, ఎవరైనా లెక్కల మనిషి ఉంటే చెప్పమ్మా అని. బాధగా ఉంటారనుకున్నా, స్వీట్లు పంచామని చెప్తున్నారు. నేను డీఎస్సీకి చదువుకునేటప్పుడు కూడా సాయంత్రం నాలుగింటి తర్వాత లైబ్రరీ గది తాళం నా దగ్గరే ఉండేది, ఉద్యోగమొస్తే నేను వెళ్ళిపోతానని తెలిసే ఇచ్చారు. ఆ ఇద్దరూ మాత్రం కొత్త ఉద్యోగంలో చేరాక కూడా ఆదివారాలు వచ్చి టెన్త్ పిల్లలకి రివిజన్ చెప్పి వెళ్తున్నారంట, డబ్బులిస్తే తీసుకోవట్లేదంట. ఆ ఇద్దరి సర్టిఫికెట్లు కూడా చెదల భయంతో ఇంట్లోనే ఉండుంటాయి.

పోయిన ఏడాది మే ట్రాన్స్‌ఫర్లలో మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, పాయింట్లు బాగానే ఉన్నాయి, ఇంటికి పన్నెండు కిలోమీటర్లలో ఖాళీ చూపిస్తోంది, పెట్టేద్దామా అన్నారు. ఇప్పుడు నేను రోజూ వెళ్ళేది నలభై ఆరు కిలోమీటర్లు, బస్సొకటి, తర్వాత షేర్ ఆటో. ఆ పన్నెండు కిలోమీటర్ల స్కూల్ హెచ్‌ఎం ఎవరో కనుక్కుని చెప్తానన్నా. కనుక్కున్నా. వద్దులెండి అన్నా. ఆయన ఆ రోజు అన్నం తినేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు.

ఇదీ ఎన్నాళ్ళో ఉండదు. టీచరుకి ఒకచోట ఎనిమిదేళ్ళు, హెచ్‌ఎంకి ఐదేళ్ళే, నిండితే కదలాల్సిందే. మేడమ్‌కి 2028 కల్లా నిండిపోతాయి, అప్పటికి నేనూ ఉండను, ఈ వేపచెట్టు కింద వేరే తొమ్మిది మంది ఉంటారు. మొన్న శనివారం ఆవిడ నా సర్వీస్ రిజిస్టర్ చూస్తూ, ఈఓటీ, జీఓటీ రాశారా అనడిగారు. సీనియారిటీలో నా వంతు వచ్చేసరికి తల నెరిసిపోతుంది మేడమ్ అన్నా. నెరిస్తే నెరిసింది, రాసి పెట్టుకోండి అన్నారు.

ఈఓటీ అయిపోయింది. జీఓటీ రెండు మార్కుల్లో పోయింది.